పొగ తగ్గాలి, పేదవాని పొట్ట కొట్టకూడదు

డీజిల్ పొగ విషమన్న విషయంలో మాకు రెండో మాట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే దానిని క్యాన్సర్ కారకంగా తేల్చింది. ఆ పొగను అందరికంటే ఎక్కువగా పీల్చేది లారీ డ్రైవరు, క్లీనరు, మెకానిక్ షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడు. అందుకే 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు మేము స్వాగతించాము. అయితే చట్టం తలచని ఫలితాలు కొన్ని చిన్నవారి నెత్తిన పడుతున్నాయి. వాటిని చెప్పవలసిన బాధ్యత మనదే.

కొత్త ఇంజనులోని మసి వడపోత, బండి వేగంగా, ఎక్కువ దూరం నడిచి వేడెక్కినప్పుడే తనను తాను శుభ్రపరచుకుంటుంది. రాయవరం, మండపేట ప్రాంతాలలో కళ్ళం నుంచి రైస్ మిల్లుకు ధాన్యం మోసే బండి ఆగుతూ, సాగుతూ నడిచేదే. అటువంటి నడకలో వడపోత త్వరగా పూడిపోతుంది. పెద్ద లారీలకు 32.5 శాతం యూరియా గల ద్రావణం కూడా పోయాలి. అది అయిపోతే ఇంజను బలం దానంతట అదే తగ్గిపోతుంది. 2021లో చైనా యూరియా ఎగుమతులను కట్టడి చేసినప్పుడు దక్షిణ కొరియాలో లారీలు నిలిచిపోయే పరిస్థితి వచ్చింది.

మరమ్మతు సంగతి మరీ కష్టం. పూర్వం చెవితో విని లోపం కనిపెట్టిన ఉస్తాదు, నేడు స్కానరు లేనిదే ఏమీ చేయలేడు. ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధి వాటా ఎక్కువని 2006లో సచార్ కమిటీ చెప్పింది. చేతి పనే ఆస్తిగా బ్రతికే ఆ కుటుంబాలకు ఇది జీవనాధారమే కదిలిపోవడం. ఖర్చు భరించలేని యజమానులలో కొందరు వడపోతను పీకించి, సెన్సారును ఏమార్చే పరికరం పెట్టిస్తున్నారు. అప్పుడు చట్టమూ ఓడుతుంది, గాలీ పాడవుతుంది.

కొత్త లారీ ధర పెరిగితే పాత లారీ మరికొన్నేళ్లు రోడ్డు మీదనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుమును రూ.12,500 చేశారు. ఒక్క బండి గల యజమానికి కొత్తది కొనే స్తోమత లేదు, పాతది నడిపే వెసులుబాటూ లేదు. 2017లో బీఎస్-3 అమ్మకాలను సుప్రీంకోర్టు నిలిపివేసిన తరువాత, మిగిలిన లారీలను తుక్కుగా కొని నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరు చేయించారన్న ఆరోపణలపై మన అనంతపురం జిల్లాలో 2020లో కేసు నడిచింది. గడువు బిగించి దారి చూపకపోతే అడ్డదారులే పుడతాయి.

ప్రమాణాలను సడలించమని మేము కోరడం లేదు. ఐటీఐలలో పాత మెకానిక్కులకు సాయంకాలపు శిక్షణ ఇవ్వాలి. మైనారిటీ ఆర్థిక సంస్థ స్కానర్ల కొనుగోలుకు సబ్సిడీ రుణాలివ్వాలి. మరమ్మతు సమాచారాన్ని కంపెనీలు బయటి షెడ్లకూ అందుబాటులో ఉంచాలి. ఒక్క బండి గలవారికి కొత్త బండి కొనేందుకు తక్కువ వడ్డీ రుణం కావాలి.

జమాఅత్ పెద్దలకు మా విన్నపం: మీ ఊరిలో షెడ్లెన్ని, బండ్లెన్ని, వాటిపై బ్రతికే కుటుంబాలెన్ని అన్న లెక్క ముందు తీయండి. లెక్క లేని అర్జీ ఏ కార్యాలయంలోనూ కదలదని, ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసి వచ్చిన మాకు బాగా తెలుసు.