పామును డబ్బాలో పెడితే అనుభవమా?

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అనుమతిపత్రం పొంది, తోకతో గిలక మ్రోగించే విషసర్పాలను ఇంట పెంచుకోవచ్చును. ఆ ముచ్చట చూచి మన కుర్రవాళ్లు కొందరు రక్తపింజరిని ప్లాస్టిక్ డబ్బాలో దాచి “అనుభవం కోసమండీ” అంటున్నారు. అది అనుభవం కాదు, అపరాధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే దానిని పట్టరాదు, ఉంచుకోరాదు.

మరి చట్టబద్ధమైన మార్గం లేదా? చెన్నై చేరువ వడనెమ్మేలిలో ఇరుళ గిరిజనుల సహకార సంఘం 1978 నుండీ ఉన్నది. అటవీశాఖ అనుమతితో పట్టిన పామును మట్టికుండలో ఉంచి, మూతికి గుడ్డ కడతారు. వారానికొకమారు చొప్పున కొన్నిమార్లు విషం తీసి, మరల అడవిలో వదలుతారు. నాగు, కట్లపాము, రక్తపింజరి, పొలుసులు రాచి రంపపు చప్పుడు చేసే చిన్న పింజరి, ఈ నాలుగింటి విషాన్నే గుర్రాలకెక్కించి విరుగుడు మందు చేస్తారు.

నా తగవు ఇక్కడే. ఒకే జాతి పాము విషమైనా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మందుకు వాడే విషంలో అధికభాగం చిరకాలంగా తమిళనాడుదే. మా సోమందేపల్లె చేలో శెనక్కాయ కట్టె ఎత్తే కూలీని కరచేది మాత్రం మా రాళ్లగుట్ట పాము!

పాములెరిగిన యానాదులు మనకు లేరా? వారికి లైసెన్సూ జీతమూ ఇచ్చి రాయలసీమలో అటువంటి సంఘం ఏల పెట్టరు? ప్రమాదమందురా? శిక్షణ లేని పడుచువాడు ఒక చేత ఫోనూ ఒక చేత పామూ పట్టడం కన్ననా? అనుభవం కావలసినవాడు అక్కడ చేరి, ముందు కుండమూతికి గుడ్డ కట్టడం నేర్చుకోనీ.