తలపై వస్త్రం, ఒంటిపై తూకం

తరగతి గదిలో హిజాబ్‌ను అనుమతించని ప్రభుత్వ ఉత్తర్వును కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు వెలువరించారు. ఆ నెలలన్నీ మనం సభల్లో, పత్రికల్లో ఒకే మాట చెప్పాం: తన ఒంటిపై ఏం ధరించాలో నిర్ణయించుకునే హక్కు ఆడపిల్లదే. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాం. అయితే అదే ఆడపిల్లను చూసి వెళ్లినవారు మష్షాతా చేత "లడ్కీ అచ్ఛీ హై, మగర్ జరా మోటీ హై" అని కబురు పంపినప్పుడు మనం ఏం చేస్తున్నాం? అమ్మీ ఆ రాత్రి నుంచే పిల్ల పళ్లెంలో అన్నం తగ్గిస్తుంది. ఫుప్పూ నిమ్మరసం, తేనె చిట్కా చెబుతుంది. ఆ పిల్ల హక్కు గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ రెండు విషయాలనూ పక్కపక్కన నిలబెట్టిన నవల ఒకటుంది. పాలస్తీనా, ఈజిప్టు మూలాలున్న ఆస్ట్రేలియా రచయిత్రి రండా అబ్దెల్ ఫత్తాహ్ 2005లో ప్రచురించిన 'డజ్ మై హెడ్ లుక్ బిగ్ ఇన్ దిస్?'. ఆ పేరులోనే చమత్కారం ఉంది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో స్త్రీలు కొత్త బట్టలు తొడుక్కుని అద్దం ముందు అడిగే ప్రశ్న 'ఇందులో లావుగా కనిపిస్తున్నానా?' అన్నది. రచయిత్రి దాన్ని నడుము మీది నుంచి తల మీదికి మార్చింది. మెల్‌బోర్న్‌లో చదువుకునే పదహారేళ్ల అమల్ హిజాబ్ ధరించాలని తనంతట తాను నిర్ణయించుకుంటుంది. అది బాలీ బాంబు పేలుళ్లు జరిగిన 2002 సంవత్సరం. బడిలోనూ వీధిలోనూ ఆమెపై పడే చూపులు ఎలాంటివో మన పాఠకులకు వివరించనక్కర్లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అమల్ కాదు, ఆమె స్నేహితురాలు సిమోన్. ఆమె ముస్లిం కాదు, తలపై ఏ వస్త్రమూ లేదు. బయటి ప్రపంచం లెక్కలో ఆమె 'స్వేచ్ఛ' గల అమ్మాయి. కానీ ఆమె రోజంతా తన బరువు చుట్టూనే తిరుగుతుంది. ఒక పథ్యం విడిచి మరో పథ్యం పడుతుంది, ఆకలి చంపుకోవడానికి సిగరెట్ అలవాటు చేసుకుంటుంది. హిజాబ్ అణచివేత అని అమల్‌కు పాఠం చెప్పే సమాజమే, కడుపు మాడ్చుకుంటున్న సిమోన్‌ను చూసి అది ఆమె ఇష్టం అనుకుంటుంది. ముస్లిం రచయిత్రి గనుకనే ఈ వైరుధ్యాన్ని ఇంత తేలిగ్గా పట్టుకోగలిగిందని నా అభిప్రాయం. ఆమె దాన్ని పడమటి దేశాలపై విసరడానికి రాయిగా వాడుకోలేదు. లేలా అనే ముస్లిం స్నేహితురాలికి చదువు మాన్పించి పెళ్లి చేయాలని తొందరపడే తల్లిని కూడా అదే నవలలో చూపింది. మన సభల్లో ఈ నవల ప్రస్తావన వస్తే అమల్‌ను మెచ్చుకుంటాం, లేలా దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తాం.

బరువు తగ్గితే బాధ తీరుతుందా? కెనడా రచయిత్రి మోనా అవద్ 2016లో వెలువరించిన 'థర్టీన్ వేస్ ఆఫ్ లుకింగ్ ఎట్ ఎ ఫ్యాట్ గర్ల్' కథానాయిక బరువు తగ్గుతుంది. లిజ్జీ, బెత్, ఎలిజబెత్ అంటూ పేరు కూడా మార్చుకుంటుంది. అద్దంలో మాత్రం పాత లావు పిల్లే కనిపిస్తుంది. నవ్విస్తూ మొదలై, చదివేకొద్దీ గొంతు పట్టేసే పుస్తకమది.

మన సాహిత్యం సంగతి వేరు. 'పుట్టుమచ్చ' నాటి నుంచి తెలుగు ముస్లిం రచన ప్రధానంగా బయటి అనుమానపు చూపుకు జవాబు చెబుతూ వచ్చింది; అది చెప్పక తప్పని జవాబు. షాజహానా వంటి కవయిత్రులు ఇంటిలోపలి చూపునూ నిలదీశారు. ఆ దారిలోనే, పెళ్లిచూపుల గదిలో షర్బత్ పళ్లెం పట్టుకుని నిలబడ్డ లావు పిల్ల తన కథ తానే చెప్పుకోవాలి. అలాంటి కథ ఈ పత్రికకు వస్తే సంతోషిస్తాను.

ఇది ఆరోగ్యం కోసమే కదా అనే పెద్దలున్నారు. నిజమే, మధుమేహం మన ఇళ్లకు కొత్త కాదు. కానీ ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) మరో సంగతి కూడా చెబుతోంది: దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువుతో ఉంటే, 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. లావుగా కనిపించే పిల్ల ఒంట్లో రక్తం చాలకపోవచ్చు. నిఖా తేదీ కోసం ఆమె చేత పూటలు మాన్పించడం ఏ వైద్యం కిందికి వస్తుంది?

ధర్మం పేరు చెప్పి హక్కు అడిగే మనం ధర్మం మాట కూడా వినాలి. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దనీ, చెడ్డపేర్లు పెట్టి పిలవవద్దనీ సూరా అల్ హుజురాత్ 11వ ఆయత్ శాసిస్తోంది. స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయడాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనం గురించి హజ్రత్ ఆయిషా (రజి) ఒక మాట అంటే, ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రమే చెడిపోతుందని దైవప్రవక్త (స) మందలించారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. 'మోటీ' అని ముద్దుగానే పిలుస్తున్నామనుకునే ఖాలాలు, మామూలు ఆ హదీసు ఒకసారి చదవాలి.

అదే గ్రంథంలో మరో హదీసు ఉంది. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స)తో పరుగుపందెం వేసి గెలిచారు. తర్వాత ఆమె ఒళ్లు చేసినప్పుడు మళ్లీ పందెం జరిగితే ఆయన గెలిచారు, ఆనాటి ఓటమికి ఇది బదులు అన్నారు. అక్కడ బరువు ఒక మాటగా వచ్చి పోయింది. నింద కాలేదు, ఆమెను పరుగుకు దూరం చేయలేదు. మన ఇళ్లలో లావయ్యావని రోజూ అంటారు, తెల్లవారుజామున నడకకు వెళ్తానంటే ఒంటరిగా ఎలా పంపుతామంటారు. మస్జిదు కమిటీలు, మహల్లా పెద్దలు పార్కులో స్త్రీల కోసం ఉదయం ఒక గంట కేటాయించమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టవచ్చు. అంతదాకా ఆగనక్కర్లేని వారు ఫజర్ నమాజు తర్వాత తమ కూతురితో కలిసి తామే నడవవచ్చు.