ఇంతకీ తగవు దేని మీద?

అమెరికాలో రెండు తగవులు ఎంతకాలమైనా తెగడం లేదు. రోగమొచ్చిన మనిషికి వైద్యం ఖర్చు ఎవరు భరించాలన్నది ఒకటి. నల్లజాతి మనిషిని పోలీసు ఏ కంటితో చూస్తున్నాడన్నది రెండోది. పైకి చూస్తే ఒకదానికొకటి పొంతన లేని సంగతులు. కాని 2009 జూలై 22 రాత్రి వైట్‌హౌస్‌లో జరిగిన విలేకరుల సమావేశంలో ఈ రెండూ ఎదురుపడ్డాయి. ఒకటి రెండోదాన్ని మింగేసింది.

ఆ సమావేశం పెట్టింది వైద్య సంస్కరణ గురించి దేశ ప్రజలకు చెప్పుకోవడానికే. బరాక్ ఒబామా అధ్యక్షుడై అప్పటికి ఆరు నెలలు. దేశంలో దాదాపు 4 కోట్ల 60 లక్షల మందికి ఆరోగ్య బీమా లేదు. బీమా ఉన్నవారికి కూడా ఉద్యోగం పోతే బీమా పోతుందన్న భయం. పాత జబ్బు ఉందని కంపెనీ కాదంటుందేమోనన్న బెంగ. ఒబామా దాదాపు గంటసేపు ఈ లెక్కలే ఓపికగా వివరించారు. ఆఖరి ప్రశ్న మాత్రం వేరే. ఆ వారంలోనే అరెస్టయిన ఒక నల్లజాతి ఆచార్యుని గురించి విలేకరి అడిగారు.

జరిగింది ఇది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెన్రీ లూయిస్ గేట్స్ జూలై 16న చైనా ప్రయాణం ముగించుకుని, మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ పట్టణంలో తన ఇంటికి చేరారు. వయసు 58. చేతికర్ర సాయంతో నడిచే మనిషి. వాకిలి తలుపు బిగుసుకుపోతే డ్రైవరు సాయంతో తోసి తెరిచారు. దారిన పోతున్న ఒకామె దొంగలేమోనన్న అనుమానంతో పోలీసులకు ఫోన్ చేసింది. సూట్‌కేసులు కనబడ్డాయని, ఇంటివాళ్లే అయి ఉండొచ్చని కూడా ఆమె ఆ ఫోన్‌లోనే చెప్పింది. తర్వాత బయటికొచ్చిన టేపులో ఆ మాటలున్నాయి. సార్జెంట్ జేమ్స్ క్రౌలీ వచ్చారు. గేట్స్ తన గుర్తింపు కార్డు చూపించారు. ఇల్లు ఆయనదేనని తేలాక కూడా మాటా మాటా పెరిగింది. చివరికి ఆయన ఇంటి వాకిట్లోనే, అల్లరి చేస్తున్నారన్న నేరం మీద చేతులకు బేడీలు పడ్డాయి. ఐదు రోజులకు కేసు ఎత్తేశారు.

గేట్స్ తన మిత్రుడని, అన్ని వివరాలూ తనకు తెలియవని చెబుతూనే, కేంబ్రిడ్జ్ పోలీసులు మూర్ఖంగా ప్రవర్తించారని ఒబామా అన్నారు. తెల్లారేసరికి వైద్యం గురించి మాట్లాడేవాడే లేడు. పోలీసు సంఘాలు మండిపడ్డాయి. క్రౌలీ ఎవరు, గేట్స్ ఎవరు, అధ్యక్షుడు ఎవరి మనిషి అన్న చర్చే ఊరూరా. క్రౌలీ తోటి పోలీసులకు జాతిని బట్టి అనుమానించకూడదని పాఠం చెప్పినవాడని కూడా అప్పుడే తెలిసింది. జూలై 24న అధ్యక్షుడే విలేకరుల ముందుకొచ్చి తన మాట ఇంకా తూచి అని ఉండవలసిందని చెప్పుకున్నారు. జూలై 30న ఆ ఇద్దరినీ వైట్‌హౌస్ తోటకు పిలిచి బీరు గ్లాసుల ముందు కూర్చోబెట్టారు. పానీయం సంగతి మనకెందుకు గాని, ఆ బల్ల దగ్గర మత్తు లేని సీసా ముట్టింది ఉపాధ్యక్షుడు జో బైడెన్ ఒక్కరేనట! మరుసటి ఏడాది నిపుణుల సంఘం ఒకటి విచారించి, ఆ వేడి చల్లార్చే అవకాశాలు ఇద్దరికీ వచ్చాయని, ఇద్దరూ జారవిడిచారని తేల్చింది. అప్పటికి ఆ నివేదిక చదివే తీరిక ఎవరికీ లేదు.

జూలై 30 అన్న తేదీ గురించి ఒక మాట చెప్పాలి. సరిగ్గా 44 ఏళ్ల కిందట, 1965లో అదే రోజున, వృద్ధులకు ప్రభుత్వ బీమా కల్పించే మెడికేర్ చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. అంతకు ముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంస్థ జాతి వివక్ష చూపరాదని అందులో రాశారు. దాంతో దక్షిణాది ఆసుపత్రులకు ఇరకాటం వచ్చిపడింది. తెల్లవారికొక వార్డు, నల్లవారికొక వార్డు ఉంచుకుంటే మెడికేర్ డబ్బు రాదు. 1966లో కొద్ది నెలల్లోనే వందలాది ఆసుపత్రులు ఆ గోడలు తీసేశాయి. ఉపన్యాసాలకు లొంగనివి ఖజానా తాళంచెవికి లొంగాయి. వైద్యం, జాతి అనేవి రెండు వేర్వేరు తగవులు కావని ఆనాటి పాలకులకు తెలుసు.

మేము చదువుకున్న పాత మదర్సా పాఠ్యక్రమంలో మునాజరా అనే శాస్త్రం ఒకటి ఉంది. వాదించే విద్య. దానికి రషీదియా అనే గ్రంథం. నేటి పిల్లలకు ఆ పేరు కూడా తెలియకపోవచ్చు. ఆ విద్యలో వాదాలను మూడు రకాలుగా విడదీస్తారు. నిజం తేల్చడానికి ఇద్దరు కూర్చుని చేసేది మునాజరా. ఎదుటివాణ్ని నోరు మూయించడానికి చేసేది ముజాదలా. నిజం తేలనక్కరలేదు, ఎదుటివాడు ఒప్పుకోనక్కరలేదు, మన మొండిపట్టు నెగ్గితే చాలన్నది ముకాబరా. ఇంకో నియమం కూడా ఉంది. నోరు విప్పకముందే మహల్-ఎ-నిజా తేల్చుకోవాలి. అంటే తగవు కచ్చితంగా ఏ చోట ఉంది, ఏ చోట లేదు అన్నది. అది తేలకపోతే ఎంతసేపు వాదించినా గాలిలో కత్తి తిప్పడమే.

ఈ కొలబద్దతో అమెరికా వైద్య వివాదాన్ని చూడండి. అందరూ బీమా తీసుకుని తీరాలి, లేకుంటే జరిమానా అన్న నిబంధన మీదే అన్నిటికన్నా పెద్ద గొడవ. ఇది ఒబామా బుర్రలో పుట్టింది కాదు. 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ ముందుకు తెచ్చిన ఆలోచన. అది రిపబ్లికన్ల పక్షాన నిలిచే సంస్థ. 2006లో మసాచుసెట్స్ రాష్ట్రంలో దాన్ని చట్టం చేసిన గవర్నరు మిట్ రోమ్నీ కూడా రిపబ్లికనే. గేట్స్ గారి తలుపు బిగుసుకున్నది కూడా ఆ రాష్ట్రంలోనే, అది వేరే సంగతి. ఇటు ఒబామా మాత్రం తక్కువ తిన్నారా? 2008లో సొంత పార్టీ అభ్యర్థిత్వం కోసం హిల్లరీ క్లింటన్‌తో పోటీపడేటప్పుడు ఆ నిబంధనను వ్యతిరేకించారు. ఏడాది తిరిగేసరికి ఆయన అవునన్నారు, రిపబ్లికన్లు కాదన్నారు. మాట అదే, పలికే నోళ్లు మారాయి. 2010 మార్చి 21న ప్రతినిధుల సభలో బిల్లు 219-212 ఓట్లతో నెగ్గింది. రిపబ్లికన్ ఓటు ఒక్కటీ పడలేదు. 2017లో పన్నుల చట్టంతో ఆ జరిమానాను సున్నా చేశారు. 2019 నుంచి అది అమలైంది. అయినా చట్టం కూలిపోలేదు. పదేళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుని కొట్లాడిన చోటు అసలు తగవున్న చోటు కాదని అప్పుడు గాని తెలియలేదు.

ముకాబరా చూడాలంటే 2009 ఆగస్టు చూడాలి. ముసలివాళ్లు బతకాలో వద్దో తేల్చే సర్కారు కమిటీలు వస్తున్నాయని సారా పేలిన్ రాశారు. బిల్లులో ఉన్నది వేరు. చివరి రోజుల్లో ఎలాంటి వైద్యం కావాలో రోగి ఇష్టపడి డాక్టరుతో మాట్లాడుకుంటే, ఆ డాక్టరు ఫీజు మెడికేర్ ఇస్తుంది. అంతే. కేకలకు జడిసి దాన్ని తీసేశారు. 2016 జనవరి నుంచి అదే ఫీజును మెడికేర్ చడీచప్పుడు లేకుండా ఇస్తోంది. మధ్యలో ఆరేళ్లకు పైగా పోయాయి. సెప్టెంబర్ 9న ఒబామా ఉభయసభల ముందు మాట్లాడుతుండగా, దక్షిణ కెరొలైనా సభ్యుడు జో విల్సన్ అబద్ధం చెబుతున్నావంటూ అరిచారు. అధ్యక్షుడి ప్రసంగంలో అలా అరవడం అక్కడి ఆనవాయితీ కాదు. ఒబామా నల్లవాడు కాబట్టే ఈ కసి అని మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అన్నారు. కాదని ఒబామాయే చెప్పవలసి వచ్చింది.

కార్టర్ మాటలో నిజం లేదని మేము అనం. జాతి చూపు అక్కడ ఉంది. అయితే ఆ ఒక్క మాటతో జవాబు పూర్తయిందనుకున్నారే, అక్కడ డెమోక్రాట్లు తప్పటడుగు వేశారు. తన మెడికేర్ కోత పడుతుందేమో, పన్ను పెరుగుతుందేమో అని అడిగిన ముసలాయనకు నువ్వు జాతిద్వేషివి అన్న జవాబు సరిపోదు. ఆయనకు కోపమొస్తుంది, మరుసటి ఏడాది ఓటేస్తాడు. వేశాడు కూడా. 2010 నవంబరులో ప్రతినిధుల సభ చేయి మారింది. ఇక రిపబ్లికన్లకు దొరికిన లాభం ఏమిటంటే, మమ్మల్ని జాతిద్వేషులంటున్నారు అన్న ఫిర్యాదు ఒక డాలుగా పనికొచ్చింది. బీమా లేని కోట్లాది మందికి మీరేం చేస్తారు అన్న ప్రశ్నకు వారు జవాబు చెప్పనే లేదు. ఏడేళ్లు రద్దు, రద్దు అన్నారు. 2017లో అధ్యక్ష పదవి, రెండు సభలు చేతికొచ్చాక చూస్తే బదులు పెట్టే పథకం మీద వారిలో వారికే పొత్తు కుదరలేదు. జూలై 28 అర్ధరాత్రి దాటాక సొంత పార్టీ సెనేటరు జాన్ మెక్‌కెయిన్ బొటనవేలు కిందికి చూపి ఆ బిల్లును ముగించారు. రెండు పక్షాలూ సమానమని చేతులు దులుపుకోవడం కుదరదు.

పోలీసుల విషయంలో ముజాదలా ఇంకా నిలువునా కనిపిస్తుంది. అక్కడ ఏటా సుమారు వెయ్యి మంది పోలీసు కాల్పుల్లో చనిపోతున్నారు. 2014లో ఫెర్గూసన్ పట్టణంలో మైకేల్ బ్రౌన్ అనే యువకుడు చనిపోయాక లెక్క అడిగితే, కేంద్ర ప్రభుత్వం దగ్గర పూర్తి లెక్కే లేదని తేలింది. 2015 నుంచి వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆ లెక్క కట్టింది. చనిపోయినవారిలో తెల్లవారి సంఖ్యే ఎక్కువని ఒకరంటారు. జనాభా లెక్కన నల్లవారు రెట్టింపుకు మించి చనిపోతున్నారని ఇంకొకరంటారు. రెండూ నిజమే. ఎవరికి నచ్చిన అంకె వారు జేబులో వేసుకుని తిరుగుతారు. వెయ్యి మంది ఎందుకు చావాలన్న ప్రశ్న మాత్రం ఎవరి జేబులోనూ ఉండదు.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు తొమ్మిది నిమిషాలకు పైగా ఉండిపోయింది. జూన్‌లో రెండు బిల్లులు తయారయ్యాయి. సెనేట్‌లో టిమ్ స్కాట్ తెచ్చిన రిపబ్లికన్ బిల్లును డెమోక్రాట్లు ముందుకు పోనివ్వలేదు. ప్రతినిధుల సభ నెగ్గించిన డెమోక్రాట్ బిల్లుకు సెనేట్‌లో దారి దొరకలేదు. మెడ నొక్కే పట్టుకు అడ్డుకట్ట, ఒంటి మీద కెమెరాలు, మూక హత్యను కేంద్ర నేరం చేయడం రెండింటిలోనూ ఉన్నాయి. తగవున్నది ముఖ్యంగా ఒకచోట, తప్పు చేసిన పోలీసు మీద బాధితుడు నష్టపరిహారం దావా వేయవచ్చా అన్న దగ్గర. ఒప్పుకున్నవి ముందు చట్టం చేసి, ఒప్పుకోనిదాని మీద ఇంకో ఏడాది కొట్లాడుకోవచ్చు. అలా చేయలేదు. పోలీసులకు డబ్బు ఆపండి అన్న నినాదం ఒకవైపు, పోలీసుల జోలికొస్తే ఊరు తగలబడుతుంది అన్న భయం ఇంకొకవైపు. 2021 సెప్టెంబరులో చర్చలు విరిగిపోయాయి. మూక హత్యల చట్టం ఒక్కటి మాత్రం విడిగా 2022 మార్చిలో వచ్చింది. చేయదలచుకుంటే చేయగలరు. 2018లో జైలు శిక్షలు తగ్గించే చట్టం సెనేట్‌లో 87-12తో నెగ్గితే డొనాల్డ్ ట్రంపే సంతకం పెట్టారు.

2020 మార్చి 13న లూయివిల్‌లో అర్ధరాత్రి తలుపు బద్దలుకొట్టి వచ్చిన పోలీసుల కాల్పుల్లో బ్రియోనా టేలర్ చనిపోయింది. వయసు 26. ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేసే అమ్మాయి. ఆ ఒక్క మనిషి జీవితంలో పైన చెప్పిన రెండు తగవులూ ఉన్నాయి. ఎవరి ప్రాణం ఎంత విలువని సర్కారు అనుకుంటోందన్నదే రెండు చోట్లా అసలు ప్రశ్న.

మన ఇళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు. హైదరాబాదు, గుంటూరు, కర్నూలు నుంచి వెళ్లిన పిల్లలు అక్కడ కార్లు నడుపుతున్నారు. పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా ఉంచాలని వాళ్లకు సీనియర్లు మొదటి వారంలోనే చెబుతారు. అక్కడి చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో మన తెలుగు డాక్టర్లు ఉన్నారు. టెక్సాస్‌లో మన జనం బాగా ఎక్కువ. 2010 చట్టం ప్రకారం పేదల బీమా అయిన మెడికెయిడ్‌ను అన్ని రాష్ట్రాలూ పెంచాలి. 2012లో సుప్రీంకోర్టు అది రాష్ట్రాల ఇష్టమంది. కొత్తగా చేరేవారి ఖర్చులో 90 శాతం కేంద్రమే ఇస్తానన్నా టెక్సాస్, ఫ్లోరిడా, మిసిసిపీ, అలబామా, దక్షిణ కెరొలైనా సహా పది రాష్ట్రాలు తీసుకోలేదు. మెడికెయిడ్‌కు దొరకనంత, బీమా సబ్సిడీకి చాలనంత ఆదాయమున్న పేదలు ఆ రాష్ట్రాల్లో పది లక్షల మందికి పైనే మధ్యలో ఇరుక్కున్నారు. వారిలో నల్లవారి వాటా జనాభాలో వారి వాటా కన్నా ఎక్కువ.

2025 అక్టోబరు 1న బీమా సబ్సిడీల మీద పేచీతో అమెరికా ప్రభుత్వమే మూతపడింది. 43 రోజులు కార్యాలయాలు తెరుచుకోలేదు. తప్పు మీదంటే మీదని రెండు పార్టీలూ ఆ 43 రోజులూ వాదించుకున్నాయి. నవంబరు 12న తలుపులు తెరిచారు గాని సబ్సిడీల సంగతి తేల్చలేదు. డిసెంబరు 31తో వాటి గడువు తీరిపోయింది.