రికార్డులో కల్తీ

పోయిన ఆదివారం మా యింట్లో పసుపు డబ్బా కనబడకుండా పోయింది. దాని వెనకే కారం డబ్బా, మిరియాల సీసా కూడా పోయినాయి. పోపు మాడిపోతున్నదని మా ఆవిడ వంటింట్లోంచి కేక వేసింది. దొంగ ఎంతో దూరం పోలేదు లెండి. మా అమ్మాయే! పన్నెండో తరగతి చదువుతున్నది. తినే వస్తువుల్లో కల్తీ కనిపెట్టడం రసాయన శాస్త్రంలో ఆ పిల్లకిచ్చిన హోంవర్కు. సి.బి.యస్.ఇ. వారు ఆ తరగతికి సూచించిన ప్రాజెక్టుల్లో అదీ ఒకటి.

"ఈ డబ్బాలతో పరీక్షలు చేస్తావా?" అన్నాను.

"ఫొటోలు తీసి అంటించాలి నాన్నా. రికార్డు రాయడం అయిపోయింది."

పరీక్ష కాకుండానే రికార్డు అయిపోవడమేమిటా అని పుస్తకం తీసి చూశాను. దస్తూరీ ముత్యాలకోవ. 'పసుపు: మెటానిల్ ఎల్లో అనే రంగు వున్నది. కారం: ఇటుక పొడి వున్నది. పాలు: మా యింట్లో పోసే ఆవిడ వద్ద తీసికొన్నవి. అయొడిన్ చుక్క వేయగా నీలిరంగు వచ్చినది. గంజి కలిపినారు.'

"ఇదెప్పుడు చేశావమ్మా?"

"నేను చెయ్యలేదు. కిందటేడు చదివిన అక్కయ్య రికార్డు చూసి రాశాను. అందరూ ఇంతే. కల్తీ వుందని రాస్తేనే మార్కులు నాన్నా. ఏమీ లేదని రాస్తే అసలు ప్రయోగమే చెయ్యలేదనుకుంటారు."

నాకు నోట మాట రాలేదు. మాకు పాలు పోసే ఆవిడ ఇరవై యేళ్ళుగా పోస్తున్నది. ఈ పిల్ల అన్నప్రాశనకు పరమాన్నం వండింది ఆ పాలతోనే. ఆవిడకు చదువు రాదు. చదువు రాని మనిషి మీద, ఆవిడ పాలు తాగి చదువుకున్న పిల్ల, ఇంత అందమైన దస్తూరీతో అబద్ధం రాసింది!

తెలుగు మేష్టార్ని గదా, ఉపన్యాసానికి దిగాను. ధాన్యంలో, నూనెలో, ఉప్పులో, మందుల్లో అదే రంగు సరుకు కలిపినవాడికి పన్నెండు పణాల జరిమానా అని కౌటిల్యుడు అర్థశాస్త్రంలోనే రాశాడన్నాను. మన దేశంలో 1954లో కల్తీ నిరోధక చట్టం, 2006లో ఆహార భద్రతా చట్టం వచ్చాయన్నాను. లండన్‌లో ఆకమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1820లో కల్తీల మీద పుస్తకం వేసి, శిక్షపడిన వర్తకుల పేర్లు కూడా అచ్చు వేశాడన్నాను. చిత్రమేమిటంటే, అంతటివాడి మీదా గ్రంథాలయ పుస్తకాల్లో కాగితాలు చించాడని కేసు పెట్టారు. మరుసటేడు ఇంగ్లండు విడిచి జర్మనీ చేరుకున్నాడు.

అంతా విని మా అమ్మాయి, "నువ్వెప్పుడూ కాపీ కొట్టలేదా నాన్నా?" అంది.

కాదనబోయి ఆగిపోయాను. నా ఎం.ఏ. వ్యాసం చివర గ్రంథాల పట్టికలో నేను అట్టయినా చూడని పుస్తకం ఒకటి వుంది. పట్టిక పొడుగ్గా వుంటే బాగుంటుందని చేర్చాను. ఆ మాట ఇంతవరకు మా ఆవిడకు కూడా చెప్పలేదు. పిల్లకు చెప్పేశాను.

సోమవారం ఇద్దరం కలిసి మా కాలేజీ కెమిస్ట్రీ మేష్టారి లాబొరేటరీకి వెళ్ళాం. మాది కాళేశ్వరరావు మార్కెట్టులో కొమ్ములు కొని మర పట్టించిన పసుపు. దుగ్గిరాల కొమ్ములని షావుకారు చెప్పాడు. పరీక్ష నాళికలో ఆ పసుపు వేసి, గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు మేష్టారే వేశారు. భగ్గున ఎర్రబడింది!

"కల్తీ!" అని ఎగిరింది మా అమ్మాయి. ఏడాదిగా తింటున్న పసుపు. నా గుండె జారింది.

"ఆగమ్మా, నీళ్ళు పోసి చూద్దాం" అన్నారాయన. నీళ్ళు పడగానే ఎరుపు పోయి మళ్ళీ పసుపు పచ్చనే మిగిలింది. గాఢామ్లంలో మంచి పసుపు కూడా ఎర్రబడుతుందిట. నీళ్ళు పోసినా ఆ ఎరుపు విడవకపోతేనే మెటానిల్ ఎల్లో. నీళ్ళు పొయ్యకముందే రికార్డు రాసి వుంటే ఆ షావుకారు గతి ఏమయ్యేది?

కారం నీళ్ళలో వేస్తే అడుగున ఇటుక పొడి తేరలేదు. మిరియాలు వేస్తే ఏడు తేలాయి. అందులో ఐదు తాలు మిరియాలు. ముడతలు పడ్డ కోలగింజలు రెండు మాత్రం బొప్పాయి గింజల్లా వున్నాయి. కాచి చల్లార్చిన పాలలో అయొడిన్ చుక్క వేస్తే నీలిరంగు రాలేదు.

"అయితే స్వచ్ఛమైన పాలు అని రాయనా?" అంది మా అమ్మాయి సంతోషంగా.

"అలా రాయకు. గంజి లేదని రాయి. నీళ్ళ సంగతి అయొడిన్‌కు తెలియదు. పరీక్ష ఎంత చెప్పిందో అంతే రాయాలి" అన్నారు మేష్టారు.

ఆ రాత్రి పాత కాగితాలు చించి కొత్తగా రాసుకుంది. పసుపు ఎర్రబడిన కథ విని మా అమ్మ నవ్వి, "సున్నం కలిపితే పసుపు ఎర్రబడుతుందని పారాణి పెట్టుకున్న ప్రతి ఆడదానికీ తెలుసు. దానికి కాలేజీ ఎందుకూ?" అంది. సున్నం క్షారం, ఇది ఆమ్లం అని మనవరాలు చెప్పబోయింది గాని ఆవిడ వినిపించుకోలేదు.

మార్కులు ఇంకా రాలేదు. తక్కువ వస్తే మాత్రం ఆ పిల్లకు ఏం చెప్పాలో నేనింకా ఆలోచించుకోవాలి.

మర్నాడు పొద్దున గిన్నె పట్టుకుని మా అమ్మాయే గుమ్మంలోకి వెళ్ళింది. "మీ పాలల్లో గంజి లేదని పరీక్షలో తేలింది" అని చెప్పింది.

పాలావిడ తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వింది. "మాకు తాగనే చాలదు తల్లీ గంజి. పాలల్లో ఎక్కడ పోస్తాం?"

"మరి నీళ్ళో?"

ఆవిడ జవాబు చెప్పలేదు. కొలతచెంబు నింపి పోసి, ఆ పైన ఇంకొంచెం కొసరు పోసి వెళ్ళింది.