నాటు తుపాకీకి మందేదీ?

శిక్షలు పెరిగినా ఆగని అక్రమాయుధాలు
కొత్త చట్టం కన్నా ఉన్న చట్టం అమలే మార్గం

ఆత్మకూరు: మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశకు వచ్చిందంటే నల్లమల అంచు గ్రామాల రైతుకు కంటిమీద కునుకు ఉండదు. అడవి పందుల గుంపు ఒక్క రాత్రి చేలో పడితే ఆరునెలల కష్టం నేలపాలవుతుంది. మంచె మీద కాపలా, డబ్బాల మోత, చీరల కంచె ఏవీ ఫలించనప్పుడు కొందరు కరెంటు తీగలను, మరికొందరు పశువుల కొట్టంలో దాచిన నాటు తుపాకీని ఆశ్రయిస్తున్నారు. ఆ తుపాకీకి లైసెన్సు ఉండదు, నంబరు ఉండదు. చీకట్లో కదిలినది పందో మనిషో తేల్చుకునే లోపే గుండు దూసుకుపోతుంది. జంతువనుకుని కాల్చగా మనిషి మరణించాడన్న వార్త తెలుగు రాష్ట్రాల అటవీ ప్రాంతాల నుంచి అడపాదడపా వస్తూనే ఉంది.

ఇటువంటి ఘటన జరిగిన ప్రతిసారీ వినవచ్చే డిమాండు ఒక్కటే: చట్టాన్ని మరింత కఠినం చేయాలి. అయితే చట్టం ఇప్పటికే ఎంత కఠినంగా ఉందో, ఆ కాఠిన్యం ఎందుకు ఫలించడం లేదో పరిశీలించకుండా ఈ చర్చ ముందుకు సాగదు.

2019 సవరణ చెప్పిన పాఠం

మన దేశంలో ఆయుధం కలిగి ఉండటం పౌరుని హక్కు కాదు. అమెరికా రాజ్యాంగంలో ఉన్నటువంటి హక్కు ఇక్కడ లేదని 2023లో సుప్రీంకోర్టు సైతం స్పష్టం చేసింది. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉండరాదు. ఈ చట్టాన్ని 2019 డిసెంబరులో పార్లమెంటు సవరించింది. లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉన్నందుకు అంతకుముందు ఏడాది నుంచి మూడేళ్ల వరకు ఉన్న శిక్ష రెండు నుంచి ఐదేళ్లకు పెరిగింది. అక్రమంగా తయారు చేసిన వారికి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం విధించవచ్చు. వేడుకల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా గాలిలోకి కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ శిక్షల పెంపునకు సభలో పెద్దగా వ్యతిరేకత ఎదురుకాలేదు. వివాదం తలెత్తింది మరోచోట. ఒక వ్యక్తికి అప్పటివరకు అనుమతించిన మూడు ఆయుధాలను ఒకటికి తగ్గించాలని మొదట ప్రతిపాదించారు. పంజాబ్ వంటి రాష్ట్రాల నుంచి, లైసెన్సుదారుల నుంచి అభ్యంతరాలు వెల్లువెత్తాయి. చివరకు రెండింటి వద్ద రాజీ కుదిరింది. అంతేకాక లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అంటే లైసెన్సుదారు ప్రవర్తనను తిరిగి పరిశీలించే అవకాశం మునుపటికన్నా ఆలస్యంగా వస్తుంది.

ఇందులోని పాఠం సుస్పష్టం. పలుకుబడి లేని వారిపై శిక్షలు పెంచడం రాజకీయంగా సులభం. పలుకుబడి కలవారి తుపాకులు తగ్గించడం కష్టం. సులభమైనదే ఫలితమిస్తుందన్న నమ్మకం లేదు. గతంలో నిషిద్ధ ఆయుధాన్ని వినియోగించి ప్రాణం తీస్తే మరణశిక్ష తప్పనిసరి చేస్తూ చట్టంలో నిబంధన ఉండేది. అది రాజ్యాంగ విరుద్ధమని 2012లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఉరికి మించిన కాఠిన్యం ఏముంటుంది? అది అమల్లో ఉన్న కాలంలోనూ అక్రమాయుధాల బెడద సమసిపోలేదు.

లైసెన్సు దొరకనిచోట...

నాటు తుపాకీ పట్టిన ప్రతివాడూ నేరస్థుడేనా? చట్టమే అలా భావించలేదు. పంట రక్షణ కోసం గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వెసులుబాటు ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి లేనిదే కొత్త లైసెన్సు ఇవ్వరాదు. పందుల బెడద అధికంగా ఉన్నదీ, లైసెన్సు దొరకనిదీ ఒకే ప్రాంతం కావడం గమనార్హం.

అలాగని అటవీ గ్రామాల్లో లైసెన్సులు విచ్చలవిడిగా ఇవ్వాలనడం వివేకం కాదు. పులుల అభయారణ్యం పక్కన పంట పేరుతో ఇచ్చిన తుపాకీ వేటకు మళ్లదన్న హామీ లేదు. ఈ విషయంలో అటవీ శాఖ వాదన సహేతుకమే. రైతుకు తుపాకీ అవసరం లేకుండా చేయడమే అసలు పరిష్కారం. పంట నష్టపరిహారం సీజను ముగిసేలోగా చేతికందాలి. సౌరశక్తి కంచెకు రాయితీ దొరకాలి. తప్పనిసరైతే శాఖ అనుమతితో, శాఖ పర్యవేక్షణలో శిక్షణ పొందిన వారి చేతనే పందుల సంఖ్యను అదుపు చేయించాలి. పొట్ట నిండితేనే చట్టం తలకెక్కుతుంది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన...

నాటు తుపాకీయే ఏకైక ముప్పు అనుకోవడమూ పొరపాటే. 2020 డిసెంబరులో ఆదిలాబాద్ పట్టణంలో ఒక రాజకీయ నాయకుడు తన లైసెన్సు తుపాకీతోనే ప్రత్యర్థులపై కాల్పులు జరిపాడు. గాయపడిన వారిలో ఒకరు చికిత్స పొందుతూ మరణించారు. ఆత్మరక్షణ పేరిట పొందిన ఆయుధం హోదాకు చిహ్నంగా, బెదిరింపునకు సాధనంగా మారుతున్న వైనం పల్లెల్లో ఎవరికీ తెలియనిది కాదు. ఎన్నికలు రాగానే లైసెన్సు ఆయుధాలను స్క్రీనింగ్ కమిటీలు పరిశీలించి పోలీసుల వద్ద జమ చేయించడం ఆనవాయితీ. ఎన్నికలకు పనికివచ్చిన పరిశీలన ఏటా ఎందుకు పనికిరాదు? క్రిమినల్ కేసులు, ప్రాణభయం వాస్తవమా కాదా అన్న అంశం, తూటాల లెక్క... ఈ మూడింటినీ ఏడాదికోసారి సరిచూడటానికి పార్లమెంటు ఆమోదం అక్కరలేదు. కలెక్టరు, ఎస్పీల సంకల్పం చాలు.

సాధ్యమయ్యేదేమిటి?

ఇప్పటికే దాగి ఉన్న తుపాకులను వెలికి తీయడం అన్నింటికన్నా జటిలమైన సమస్య. దాడులతో కొన్ని దొరుకుతాయి, మిగిలినవి మరింత లోతుకు పోతాయి. గడువు విధించి, కేసులు ఉండవని హామీ ఇచ్చి, స్వచ్ఛందంగా అప్పగించమని కోరడమే మరో మార్గం. 2025 ఫిబ్రవరిలో మణిపుర్ గవర్నరు ఈ పద్ధతిలోనే పిలుపునివ్వగా, పొడిగించిన గడువు ముగిసేనాటికి దాదాపు వెయ్యి ఆయుధాలు తిరిగి వచ్చాయి. దోపిడీకి గురైన వాటితో పోలిస్తే ఇది స్వల్పమే. అయినా రెండు వర్గాలు కత్తులు దూసుకుంటున్న చోటనే అన్ని వచ్చాయంటే, పందుల కోసం తుపాకీ దాచుకున్న రైతులున్న చోట అంతకన్నా మెరుగైన ఫలితం ఆశించడం అత్యాశ కాబోదు.

చట్టంలో ఇందుకు వీలుందా? ఉంది. లైసెన్సు లేని తుపాకీ కేసులో విచారణకు జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తప్పనిసరి అని ఆయుధ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. తాముగా తెచ్చి అప్పగించిన వారిపై అనుమతి ఇవ్వబోమని ప్రకటించే విచక్షణ ఆ అధికారానికి ఉన్నట్లే భావించాలి. మరింత భద్రత కావాలంటే 41వ సెక్షన్ కింద మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. కర్ణాటకలోని కొడవలకు లైసెన్సు నుంచి మినహాయింపు లభించింది ఈ సెక్షన్ కిందనే. అదే 39వ సెక్షన్‌ను రెండో వైపు నుంచీ చూడాలి. స్వచ్ఛందంగా అప్పగించకుండా తుపాకీ దాచుకున్నవారి కేసుల్లో అనుమతి కోసం దస్త్రాలు నెలల తరబడి బల్లలపై పడి ఉండరాదు. గడువు పెట్టుకుని అనుమతి ఇవ్వాలి. తుపాకి మందు ఎక్కడి నుంచి వస్తోందో ఆరా తీయాలి. మందు లేని నాటు తుపాకీ ఇనుప గొట్టమే.

అక్రమాయుధాల కట్టడికి ప్రతి రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి నేతృత్వంలో కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆదేశించింది. కార్యాచరణ ప్రణాళిక రూపొందించడం ఆ కమిటీ బాధ్యత. రాజధానిలో రాసిన ప్రణాళిక నల్లమల అంచు దాకా రావాలంటే అందులో రైతు గోడు వినిపించాలి.

ఇటీవల చేల గట్ల వెంట తిరుగుతున్నప్పుడు తండ్రి నాటి తుపాకీ ఇంట్లో ఉందని ఒక రైతు ఈ విలేకరితో అంగీకరించాడు. ఎందుకు అప్పగించరని అడిగితే అతడిచ్చిన సమాధానం ఇది: ‘ఇచ్చేదానికి నాకేం అడ్డం లేదు సార్. ఇచ్చినోన్ని లోపలెయ్యమని కాగితం మీద రాసిచ్చేదెవురు? రేపు పంది పడితే నా చేను చూసేదెవురు?’

ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పగల అధికారులు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉన్నారు. మొదటి దానికి కలెక్టరు, రెండో దానికి అటవీ, వ్యవసాయ శాఖలు. వచ్చే పంట కాలానికి ముందే ఆ సమాధానం గ్రామసభలో వినిపిస్తే, మరో ఇంట శవం లేవకముందే కొన్ని తుపాకులైనా ఠాణాకు చేరతాయి.