అరుదైన టమాటా దొరికింది సరే, విత్తనం దాచారా?

మన ఐటీ జనాల్లో మిద్దె తోటల పిచ్చి బాగా ముదిరింది. సంతోషమే. కానీ ఈ మధ్య ఎవర్ని కదిలించినా ఒకటే గోల. నల్ల టమాటా దొరికిందా, చారల టమాటా దొరికిందా, చెరోకీ పర్పుల్ గింజలు ఎక్కడ? నేనూ ఆ తానులో ముక్కనే. నా పేచీ వేట మీద కాదు, వేట అయ్యాక మనం చేసే పని మీద. ఒక సీజన్ పండిస్తాం, ఫోటో తీస్తాం, తినేస్తాం. వచ్చే ఏడాది ఇంకో రంగు. ఆ విత్తనం కథ అక్కడితో సరి!

అసలు ఈ చెరోకీ పర్పుల్ మనదాకా ఎలా వచ్చిందో చూడండి. 1990లో క్రెయిగ్ లెహూలియర్ అనే అమెరికా ఆయనకి టెనెసీ నుంచి పోస్టులో ఓ గింజల పొట్లం వచ్చింది. దానికి పేరు లేదు. ఊదా రంగు కాయలనీ, మూలం చెరోకీ ప్రజలనీ ఉత్తరంలో రాసుంది. ఈయన రైతేం కాదు, వృత్తిరీత్యా కెమిస్టు. పండించి, పేరు పెట్టి, గింజలు తీసి, ఓ చిన్న విత్తనాల సంస్థకీ తోటివాళ్ళకీ పంచాడు. ఈయన కూడా మనలాగే తిని ఊరుకుని ఉంటే ఇవాళ వెతకడానికి ఏముండేది?

మన భాషలో చెప్పాలంటే, ఎఫ్1 హైబ్రిడ్ విత్తనం ఎగ్జిక్యూటబుల్ ఫైలు లాంటిది. వాడుకోవచ్చు గానీ సోర్సు చేతికి రాదు. దాని గింజలు మళ్ళీ వేస్తే ఒక్కో మొక్కా ఒక్కో రకంగా కాస్తుంది. నాటు రకం అలా కాదు. టమాటా పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి తల్లి లాంటి పిల్లే వస్తుంది. కాకపోతే డిస్కులో పడేసి మర్చిపోయే బ్యాకప్ కాదిది. నాలుగైదేళ్ళకోసారైనా మళ్ళీ మొలకెత్తించాలి.

"ఆ పని రైతులది కదా" అంటారేమో. మదనపల్లె రైతు కాయ పెట్టెల్లో ఎక్కి వందల కిలోమీటర్లు పోవాలి. పల్చటి తొక్క నాటు కాయ దారిలోనే పగులుతుంది. ఆకుముడత వస్తే పంటంతా పోతుంది. అందుకే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ మూడు జబ్బుల్ని తట్టుకునే అర్క రక్షక్ హైబ్రిడ్ని తెచ్చింది. రైతు అలాంటివి వేసుకుంటే తప్పు పట్టడానికి మనమెవరం? 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటిపోయిన ఈ టమాటానే, ఇంకో సీజన్లో ధర లేక రోడ్డు పక్కన పారబోసుకుంటాడు. అలాంటివాడి నెత్తిన రుచిని కాపాడే బాధ్యత కూడా పెడతామా? నెల తిరిగేసరికి జీతం వచ్చేది మనకి. నాలుగు కుండీల్లో కాపు తగ్గితే మన కొంప మునగదు. కాబట్టి ఆ బరువు మోయాల్సింది మనమే.

పనేమీ కష్టం కాదు. బాగా పండిన కాయలోని గుజ్జు గింజలతో సహా గ్లాసులోకి పిండి రెండు మూడు రోజులు పులియబెట్టండి. గింజ చుట్టూ ఉండే జిగురు పోతుంది. కడిగి, నీడలో ఆరబెట్టి, పేరూ సంవత్సరమూ రాసి పెట్టండి. మన ఎండల్లో, ముఖ్యంగా రాత్రిళ్ళు కూడా వేడిగా ఉంటే, పూత రాలిపోతుంది. అందుకని వానాకాలం చివర్లో నారు పోసుకుని చలికాలంలో కాయించుకోవడం మేలు.

ఇంకోమాట. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో నాలుగు పొట్లాలు పెట్టించడం తెలివనుకోకండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దానికి అనుమతీ, ఆరోగ్య ధ్రువపత్రమూ కావాలి. ఇదేం ఉత్తుత్తి రూలు కాదు. 2014-15ల్లో ఇజ్రాయెల్, జోర్డాన్లలో బయటపడ్డ రుగోస్ వైరస్ విత్తనాలతో కూడా ప్రయాణం చేస్తుంది. మన సరదాకి మదనపల్లె పొలాలు బలికాకూడదు.

అయినా అరుదైనది కావాలంటే అంత దూరం ఎందుకు? మీ ఊళ్ళో వారం సంతలో గంప ముందు కూచున్న పెద్దమ్మని అడగండి. చొట్టలు పడి, గీతలు గీతలుగా, పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేనంత పుల్లగా ఉండే నాటు టమాటా ఇంకా ఎవరి పెరట్లో కాస్తోందో ఆవిడకి తెలుస్తుంది. టమాటా జాతి మొత్తం దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, మన నాటుదీ ఒకప్పుడు పరాయిదే అంటారా? నిజమే. తరాల తరబడి గింజ దాచిన వాళ్ళుండబట్టే అది నాటుదయింది.

నల్లదీ పెంచండి, చారలదీ పెంచండి. కానీ కొత్త రకం కొనేముందు, పాతదాని గింజలు ఇంకో ఇద్దరి చేతుల్లో పెట్టండి. ఒక్కరి దగ్గరే ఉన్న కాపీని ఏ ఇంజనీరైనా బ్యాకప్ అంటాడా? :)