చెప్పుకోవలసిన బాధ

కొన్నేళ్ళ క్రితం పురీషనాళంలో కణితి ఏర్పడి మాకు శస్త్రచికిత్స జరిగింది. కొన్ని నెలలపాటు పొట్టపై సంచి ధరించవలసి వచ్చింది. రెండవ శస్త్రచికిత్సతో ఆ సంచి తొలగిన రోజున కష్టాలు గట్టెక్కాయని భావించి అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించుకున్నాము. అసలు పరీక్ష ఆ తర్వాతి రాత్రులలో ఉందని అప్పుడు తెలియదు.

ఒక్కో రాత్రి ఆరేడుసార్లు లేవవలసి వచ్చేది. వెళ్ళివచ్చి నడుం వాల్చిన పది నిమిషాలకే మళ్ళీ లేచి పరుగు. కొన్నిసార్లు మెలకువ వచ్చేసరికే బట్టలు పాడయ్యేవి. యాభై దాటిన వయసులో, పిల్లలకు పరిశుభ్రత పాఠాలు బోధించే మేము ఈ సంగతి ఎవరితో చెప్పుకోగలం? వేరే గదిలో పడక వేసుకున్నాము. రాత్రి భోజనం మానేశాము. ఫజ్ర్ నమాజ్‌కు మస్జిద్‌కు వెళ్ళడం కూడా మానుకున్నాము. చివరకు వైద్యునితో సైతం 'బాగానే ఉంది' అనేశాము.

ఒకనాడు తెల్లవారుజామున మూడు గంటలకు పంపు కింద దుప్పటి ఉతుకుతుండగా మా ఇల్లాలు వచ్చి నిలబడింది. "నేను మంచాన పడినప్పుడు మీరు నా బట్టలు ఉతకలేదా?" అని మాత్రం అడిగి, దుప్పటి అందుకుంది. ఆ వారమే ఇద్దరం కలిసి వైద్యుని వద్దకు వెళ్ళాము.

పురీషనాళం మలాన్ని నిలువ ఉంచే తిత్తి వంటిదని ఆయన వివరించారు. అందులో అధికభాగం తీసివేస్తే నిలువ చేసే చోటు తగ్గుతుంది. పట్టి ఉంచే కండరాలు, నరాలు కూడా బలహీనపడవచ్చు. అందుకే కొద్దికొద్దిగా పలుమార్లు విరేచనమవుతుంది. చాలామందికి ఒకటి రెండేళ్ళలో ఇది తగ్గుముఖం పడుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది.

ఆ తర్వాత మేము పాటించినవి ఇవి. రాత్రి భోజనం మానకుండా, మగ్రిబ్ కాగానే మితంగా ముగించాము. పొద్దుపోయాక టీ, కారం, వేపుళ్ళు విడిచిపెట్టాము. ఏది తిన్న రాత్రి ఇబ్బంది ఎక్కువైందో పుస్తకంలో రాసుకున్నాము. పలుచని మలాన్ని చిక్కబరిచే ఇస్బగోల్, పేగుల కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్ర వైద్యుడు చెప్పిన మోతాదులో వాడాము. మలద్వార కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్చుకున్నాము. ప్రతిసారీ నీటితో కడిగి, రుద్దకుండా మెత్తగా అద్ది, జింక్ ఆక్సైడ్ లేపనం రాస్తే ఒరుపు తగ్గింది. పరుపుపై రబ్బరు గుడ్డ, తలాపున ఒక జత బట్టలు, దారిలో చిన్న దీపం ఉంటే సగం భయం పోతుంది.

అయితే మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం కనిపించినా, పొట్ట ఉబ్బి వాంతులవుతూ గాలి సైతం పోకున్నా ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి. అప్పుడు సొంతంగా మాత్రలు వేసుకోరాదు.

వుజూ నిలవదన్న దిగులుతో నమాజ్‌కు దూరమయ్యే సోదరులకు ఒక మాట. ఒక నమాజ్ వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చుకునేంత వ్యవధి కూడా దొరకని వ్యక్తిని షరీఅత్ 'మాజూర్'గా పరిగణిస్తుంది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం అతను ప్రతి నమాజ్ వేళకు ఒకసారి వుజూ చేస్తే, ఆ వేళ ముగిసేవరకు ఈ కారణంగా అది భంగం కాదు. మీ పరిస్థితి వివరించి ముఫ్తీగారిని అడగండి. పిల్లలకు ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పిన మేమే, మా వంతు వచ్చినప్పుడు సిగ్గుతో దాన్ని మరచిపోయాము.

ఇప్పటికీ రాత్రి ఒకటి రెండుసార్లు లేస్తాము. ఫజ్ర్‌కు మాత్రం మస్జిద్‌లో, తలుపు దగ్గరి వరుసలో నిలబడుతున్నాము. మీ ఇంట్లో ఎవరైనా ఇటువంటి శస్త్రచికిత్స చేయించుకుని ఉంటే, 'రాత్రి నిద్ర పట్టిందా?' అని మీరే ముందుగా అడగండి. వారంతట వారు చెప్పరు.